ఏడు ఆదేశాలు, ఒక రిజిస్టరు

ఢిల్లీ హైకోర్టు 2013 మార్చి 14న ఇచ్చిన ఒక తీర్పు లా రిపోర్టుల్లో ‘కోర్ట్ ఆన్ ఇట్స్ ఓన్ మోషన్ వర్సెస్ కమిషనర్ ఆఫ్ ఇన్‌కం టాక్స్’ అనే పేరుతో ఉంటుంది. పిటిషనరు పేరుండాల్సిన చోట కోర్టే ఉంది. 2012లో ఒక చార్టర్డ్ అకౌంటెంటు, ఆదాయపు పన్ను రిటర్నులు వేసే మామూలు జనం పడుతున్న అవస్థలన్నీ వివరిస్తూ కోర్టుకి ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుని 2659 నంబరు వేసింది. తర్వాత పన్ను సలహాదారుల అఖిల భారత సమాఖ్య కూడా వేరే పిటిషన్‌తో వచ్చి చేరింది.

పన్ను కేసుల్లో గొప్ప తీర్పులేవని అడిగితే లాయర్లు కోట్ల రూపాయల కంపెనీ వివాదాలు ఏకరువు పెడతారు. నా మటుకు నాకు, తీర్పు రాయడంలో పనితనం అంటే ముందుగా గుర్తొచ్చేది ఇదే. ఇందులో కొత్త సిద్ధాంతం లేదు. ఏ చట్టాన్నీ కొట్టెయ్యలేదు. వేసిన రిటర్నులో, లేక దాన్ని లెక్కగట్టిన కాగితంలో తప్పు దొర్లితే ఎవరు దిద్దాలి, ఎన్నాళ్ళలో దిద్దాలి, దిద్దారో లేదో రిటర్ను వేసిన మనిషికి ఎలా తెలియాలి అన్నవే దాని ప్రశ్నలు. వాటికి ఇచ్చిన జవాబులన్నిట్లోనూ ఒకే సూత్రం నడుస్తుంది. తప్పు ఎవరిదైనా సరే, దాన్ని దిద్దగలిగే శక్తి ఎవరి చేతిలో ఉందో భారం వాళ్ళదే. తీర్పులో ఈ సూత్రాన్ని ఎక్కడా ఇలా బోర్డు కట్టి చెప్పలేదు. చదువుతూ పోతే ప్రతి ఆదేశం కిందా అదే కనిపిస్తుంది.

ముందు తప్పులు ఎక్కడ పుడతాయో చూడాలి. నోయిడాలో పనిచేసే ఒక ఉద్యోగి సంవత్సరం మధ్యలో కంపెనీ మారాడనుకుందాం. పాత కంపెనీ జీతంలో పన్ను కోసింది, కొత్త కంపెనీ కోసింది, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకూ కోసింది. ముగ్గురూ మూడు నెలలకోసారి ఈ కోతల వివరాలతో టీడీఎస్ స్టేట్‌మెంట్లు వేస్తారు. జీతాలకి 24క్యూ, వడ్డీలాంటి వాటికి 26క్యూ. వాటిలో ఆ ఉద్యోగి పాన్ నంబరు టైపు చేస్తారు. పది స్థానాల్లో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే అతని దగ్గర కోసిన పన్ను ఇంకొకరి లెక్కలోకి పోతుంది, లేదా ఎవరి లెక్కలోకీ పోకుండా వేలాడుతుంది. ఈ స్టేట్‌మెంట్లన్నీ కలిసి ఫారం 26ఏఎస్ అవుతాయి. అందులో ప్రతి మొత్తం పక్కనా ఒక అక్షరం ఉంటుంది. ‘ఎఫ్’ అంటే లెక్క కుదిరింది. ‘యూ’ అంటే కోసినవాళ్ళు డబ్బు కట్టలేదు, లేదా కట్టిన చలానా వివరాలు తప్పు రాశారు. ఆ ఒక్క ‘యూ’ వల్ల, నెలనెలా జీతంలో పన్ను పోగొట్టుకున్న మనిషి పన్ను ఎగవేసినవాడిలా కనిపిస్తాడు.

ఇక ఉద్యోగి సొంతంగా చేసే పొరపాట్లు వేరు. పాత కంపెనీ జీతం కలపడం మరచిపోవడం, కోసిన సంస్థ టాన్ నంబరు తప్పు కొట్టడం, చలానా కట్టేటప్పుడు ఆర్థిక సంవత్సరానికీ అసెస్‌మెంట్ సంవత్సరానికీ మధ్య తికమకపడి ఒక ఏడాది ముందుకో వెనక్కో వెయ్యడం. మన తెలుగువాళ్ళకి ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. పాన్‌లో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. ఇంటిపేరు ముందు రాసుకునే మనకి పాన్ కార్డు మీద ఒక వరసలో, ఢిల్లీ బ్యాంకు ఖాతాలో ఇంకో వరసలో పేరు పడుతుంది. రీఫండు వెయ్యాల్సిన ఖాతాని పోర్టల్‌లో ధ్రువీకరించే రోజున ఆ తేడా అడ్డం పడుతుంది.

తన తప్పు తానే సకాలంలో కనిపెట్టినవారికి దారి సులువే. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 139(5) కింద రివైజ్డ్ రిటర్ను వేస్తే పాతదాని స్థానంలో కొత్తది నిలబడుతుంది. ఒకప్పుడు దానికి గడువు బాగానే ఉండేది. అది తగ్గుతూ తగ్గుతూ 2021 సవరణతో అసెస్‌మెంట్ సంవత్సరంలో డిసెంబరు 31కి కుదించుకుపోయింది. 2022లో అప్‌డేటెడ్ రిటర్ను అని మరో దారి తెరిచారు. 2025లో దాని గడువుని 48 నెలలకి పెంచారు కూడా. కానీ ఆ దారిలో పోయేవారు అసలు పన్ను, వడ్డీ కాక, ఆలస్యాన్ని బట్టి 25 శాతం నుంచి 70 శాతం దాకా అదనంగా కట్టాలి. పన్ను తగ్గించుకోవడానికో రీఫండు పెంచుకోవడానికో అది పనికిరాదు. ప్రభుత్వానికి రావాల్సింది చూపించడం మరచిపోయినవారి కోసమే దాన్ని తెరిచారు. తనకి రావాల్సింది అడగడం మరచిపోయినవారు సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని పై అధికారులకి అర్జీ పెట్టుకోవాలి.

రివైజ్డ్ రిటర్ను అనే తలుపు ఎంత ఇరుకో చెప్పిన తీర్పు కూడా ఒక ఢిల్లీ కంపెనీ పేరు మీదే ఉంది. గోయెట్జ్ ఇండియా అనే పిస్టన్ రింగుల కంపెనీ 1995 నవంబరులో రిటర్ను వేసింది. 1998 జనవరిలో, అందులో అడగని ఒక మినహాయింపు కావాలని అధికారికి ఉత్తరం రాసింది. ఉత్తరంతో కుదరదు, రివైజ్డ్ రిటర్ను వెయ్యాల్సిందేనని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఈ కట్టడి అసెసింగ్ అధికారికే గానీ అప్పిలేట్ ట్రిబ్యునల్ అధికారాలకి కాదని అదే తీర్పు చివర్లో ఒక ముక్క చేర్చింది. ఆ ఒక్క ముక్క వల్లే ఆ తర్వాత ఎందరికో ట్రిబ్యునల్‌లో దారి దొరికింది. చిన్న తీర్పే అయినా ఎక్కడ ఆగాలో తెలిసినవారు రాసింది.

మన కథకి అసలైన పనిముట్టు సెక్షన్ 154. కాగితం మీద కళ్ళకి కట్టినట్టు కనిపించే తప్పుని దిద్దే అధికారం అది. వోల్కార్ట్ బ్రదర్స్ కేసులో 1971లోనే సుప్రీంకోర్టు దాని హద్దు గీసింది. సుదీర్ఘంగా తర్కిస్తే గానీ తేలనిదీ, రెండు అభిప్రాయాలకి చోటున్నదీ ఈ సెక్షన్ కిందికి రాదు. ఉత్తర్వు వెలువడిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ళ లోపు దిద్దవచ్చు. పన్ను చెల్లింపుదారు దరఖాస్తు పెడితే, అది అందిన నెల ముగిశాక ఆరు నెలల్లో అధికారి తేల్చాలి. ఈ ఆరు నెలల నిబంధన 2001 నుంచి చట్టంలో ఉంది. తేల్చారా లేదా అని చూసే ఏర్పాటే అప్పట్లో ఎక్కడా లేదు.

2012 నాటి పరిస్థితి ఇది. రిటర్నుల ప్రాసెసింగ్ బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రానికి (సీపీసీ) మారుతున్న కాలం. దేశమంతటా అధికారుల దగ్గర ఉన్న పాత బాకీల లెక్కలని కేంద్ర వ్యవస్థలోకి ఎక్కించారు. వాటిలో ఎప్పుడో కట్టేసినవి ఉన్నాయి, కోసిన టీడీఎస్ లెక్కలోకి తీసుకోకుండా వేసినవి ఉన్నాయి, ఆ బాకీ ఉందన్న సంగతే సంబంధిత మనిషికి తెలియనివీ ఉన్నాయి. కంప్యూటరు వాటన్నిటినీ నిజమైన బాకీలుగానే చూసింది. ఆ ఏడాది రావాల్సిన రీఫండుని ఎప్పటిదో బాకీలో సర్దేసింది. బెంగళూరుని అడిగితే మీ అసెసింగ్ అధికారిని కలవమన్నారు. ఐపీ ఎస్టేట్‌లోని సీఆర్ బిల్డింగుకి పోతే, సర్దుబాటు చేసింది సీపీసీ కదా అన్నారు. సెక్షన్ 154 కింద దిద్దమని రెక్టిఫికేషన్ దరఖాస్తు ఇస్తే రసీదు ఉండేది కాదు. కొన్నాళ్ళకి పోయి అడిగితే నాలుగేళ్ళు దాటాయి, ఇక దిద్దే అధికారం మాకు లేదనేవారు.

ఈ చివరి మాట ఎంత అన్యాయమో ప్రత్యక్ష పన్నుల బోర్డుకే తెలిసొచ్చింది. 2012 జూన్ 20న విడుదలైన 4వ నంబరు సర్క్యులర్‌లో బోర్డు, నిజమైన కేసుల్లో నాలుగేళ్ళు దాటినా పాత బాకీ అంకెలని దిద్దడానికి అధికారులకి అనుమతి ఇచ్చింది. మన పన్ను శాఖ సంప్రదాయంలో ఇలాంటి మంచి గొంతు మొదటినుంచీ ఒకటి ఉంది. 1955 ఏప్రిల్‌లో ఇచ్చిన 14వ నంబరు సర్క్యులర్, పన్ను చెల్లింపుదారుకి తన హక్కులు తెలియకపోవడాన్ని అధికారులు అవకాశంగా తీసుకోకూడదని, రావాల్సిన మినహాయింపుల గురించి వాళ్ళే చెప్పి సాయపడాలని స్పష్టంగా రాసింది. అరవై డెబ్బై ఏళ్ళుగా పన్ను లాయర్లు ఆ కాగితాన్ని కోర్టుల్లో చూపిస్తూనే ఉన్నారు. గొంతు ఉండటం, అది కౌంటరు దాకా వినిపించడం వేరువేరు సంగతులు.

ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తులు: జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ ఆర్.వి. ఈశ్వర్. ఖన్నా తర్వాతి కాలంలో 2024 నవంబరులో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఈశ్వర్ అంతకుముందు ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ అధ్యక్షుడిగా పనిచేసి హైకోర్టుకి వచ్చారు. 2015లో ఆదాయపు పన్ను చట్టాన్ని సరళం చెయ్యడానికి కేంద్రం వేసిన కమిటీకి ఆయనే నాయకత్వం వహించారు. అసెసింగ్ అధికారి బల్ల మీద కాగితం ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగిపోతుందో లోపలినుంచి తెలిసిన మనిషి. ఆ తెలివిడి తీర్పు పొడుగునా తెలుస్తుంది.

ఇద్దరూ తొందరపడలేదు. 2012 ఆగస్టు 31న ముందొక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, పన్ను శాఖ ఏం చెబుతుందో విని, అమలులో ఏం తేలిందో చూసి, ఆ తర్వాతే తుది తీర్పు రాశారు. తుది తీర్పులో ఏడు మాండమస్‌లు ఉన్నాయి. మాండమస్ అంటే, చట్టం ఇదివరకే మోపిన విధిని నెరవేర్చమని అధికారికి హైకోర్టు ఇచ్చే ఆదేశం. ఉన్న విధిని చెయ్యమనాలే గానీ, లేని విధిని కోర్టు పుట్టించకూడదు. ఈ హద్దు లోపలే న్యాయమూర్తులు పని చేసిన తీరు నాకు చాలా ఇష్టం. ఆరు నెలల గడువు చట్టంలో ఉంది కాబట్టి, ఆ గడువు పాటించారో లేదో తెలిసే ఏర్పాటు ఉండి తీరాలన్నారు. రీఫండు సర్దుబాటుకి లిఖితపూర్వకంగా తెలియజెయ్యాలని సెక్షన్ 245లో ఉంది కాబట్టి, ఆ తెలియజెయ్యడం సర్దుబాటుకి ముందే జరగాలన్నారు. చట్టంలో ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న మాటలు ఏరి, ఒక్కోదాని మీద ఒక్కో ఆదేశాన్ని నిలబెట్టారు.

రిజిస్టరు సంగతే చూడండి. సెక్షన్ 154 దరఖాస్తులకి ప్రతి అసెసింగ్ అధికారి దగ్గరా ఒక రిజిస్టరు ఉండాలని ఆదేశం. అందులో ఏమేం రాయాలో కూడా చెప్పారు. దరఖాస్తు వివరాలు, అది పెట్టిన తేదీ, తేల్చిన తేదీ, ఏమని తేల్చారన్నది. ఇంట్లో చాకలిపద్దు రాసుకున్నట్టే: ఏం వేశాం, ఏ రోజు వేశాం, ఏ రోజు తిరిగొచ్చింది, ఎలా వచ్చింది. హైకోర్టు రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద తనకున్న అధికారాన్నంతా ఒక పద్దు పుస్తకం గడులు గీయడానికి వాడిందంటే కొందరికి చిన్నతనంగా అనిపించవచ్చు. నాకు అది ఈ తీర్పులో అన్నిటికన్నా తెలివైన భాగం. దరఖాస్తు పోయిందన్న మాట ఇక చెల్లదు, ఎందుకంటే మొదటి గడిలో అది ఉంది. చూస్తాం, చేస్తాం అన్న మాటా చెల్లదు, ఎందుకంటే మూడో గడి ఖాళీగా ఉంటే పై అధికారి ఎవరు వచ్చి చూసినా కనిపిస్తుంది. నాలుగో గడి ఇంకా ముఖ్యం. తేల్చాం అని ఊరికే రాసి ముగించడానికి వీల్లేదు. ఒప్పుకున్నారా, తోసిపుచ్చారా, కొంత ఒప్పుకున్నారా అన్నది నమోదు కావాలి. అధికారి మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న జోలికి తీర్పు పోలేదు. మంచివాడికైనా బద్ధకస్తుడికైనా ఒకే పుస్తకం ఇచ్చింది.

రీఫండు సర్దుబాటు విషయంలో ఇదే చెయ్యి ఇంకా జాగ్రత్తగా కదిలింది. చిక్కు ఎక్కడుందంటే, సర్దేది బెంగళూరు, బాకీ వివరం తెలిసేది ఢిల్లీలోని అధికారికి, తప్పు అని చెప్పగలిగేది పన్ను చెల్లింపుదారు. ముగ్గురికీ ఒకరితో ఒకరికి మాట లేదు. తీర్పు ఈ ముగ్గురినీ ఒక వరసలో పెట్టింది. సర్దుబాటుకి ముందు నోటీసు వెళ్ళాలి. ఆ నోటీసులో ఏ అధికారికి జవాబివ్వాలో ఉండాలి. పన్ను చెల్లింపుదారు ఆ అధికారికి జవాబివ్వాలి. అధికారి దాన్ని పరిశీలించి తన నిర్ణయాన్ని బెంగళూరుకి తెలపాలి. ఆ తర్వాతే బెంగళూరు రీఫండు సంగతి చూడాలి. అధికారి ఎన్నాళ్ళలో తెలపాలో బోర్డు గడువు పెట్టుకోవచ్చు. ఈ వరసలో గమనించాల్సింది ఒకటుంది. రెండు ఆఫీసుల మధ్య తిరగాల్సిన పని ఇప్పుడు మనిషిది కాదు, కాగితానిది. అంతకుముందు నోటీసు లేకుండానే సర్దేసిన కేసుల్ని కూడా వదలకుండా, వాళ్ళకీ జవాబిచ్చుకునే అవకాశం కల్పించమంది.

రిటర్ను లెక్కగట్టాక పంపే ఇంటిమేషన్ల మీద తీర్పు ఇంకా పదునుగా ఉంటుంది. సెక్షన్ 143(1) కింద రిటర్నుని లెక్కగట్టి, టీడీఎస్‌లో కొంత ఒప్పుకోకుండా బాకీ వేసి, ఆ సంగతి ఆ మనిషికి చెప్పకుండా ఫైల్లో ఉంచుకున్న సందర్భాలు ఉన్నాయి. అలా తెలియజెయ్యని ఇంటిమేషన్ ఆధారంగా బాకీ వసూలు చెయ్యడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. పంపామని రుజువు చెయ్యాల్సిన బాధ్యత శాఖ మీద పెట్టింది. నాకు అందలేదని ఎవరైనా ఎలా రుజువు చేస్తారు? రానిదానికి సాక్ష్యం ఉండదు. పంపినదానికి రసీదో, పోస్టాఫీసు చీటీయో, సర్వర్‌లో జాడో ఉంటుంది. రుజువు ఎవరి దగ్గర ఉండే వీలుందో వాళ్ళనే చూపించమనడం న్యాయశాస్త్రంలో పాత మాటే. కొన్ని వందలో రెండు మూడు వేలో రూపాయల బాకీ ఉన్న పింఛనుదారుకి ఆ పాత మాట అందేలా చేసిందే ఇక్కడి పనితనం.

టీడీఎస్ తేడాలు అన్నిటికన్నా జటిలం. ఇక్కడ తప్పు చేసేది మూడో మనిషి. కోసిన సంస్థ తన స్టేట్‌మెంట్‌లో పాన్ తప్పు రాస్తే, దాన్ని దిద్దడానికి కరెక్షన్ స్టేట్‌మెంట్ వెయ్యగలిగేది ఆ సంస్థ ఒక్కటే. ఆ దిద్దుబాట్లు చేరే చోటు కూడా ఢిల్లీ పక్కనే ఉంది. గాజియాబాద్ వైశాలి సెక్టార్ 3లోని ఆయకర్ భవన్‌లో టీడీఎస్ సీపీసీ పనిచేస్తుంది. టీడీఎస్ దిద్దుబాట్లు వేసే ట్రేసెస్ పోర్టల్ నడిచేది అక్కడినుంచే. బ్లూ లైన్ మెట్రోలో ఒక శాఖకి చివరి స్టేషన్ వైశాలి. నోయిడా ఉద్యోగి అక్కడిదాకా వెళ్ళగలడు గానీ, తన పాన్ పక్కన పడ్డ తప్పు అంకెని అక్కడ తన చేత్తో మార్చుకోలేడు. పాత కంపెనీ మూతపడితేనో, ఫోను ఎత్తకపోతేనో అతని గతేమిటి?

చట్టంలో సెక్షన్ 205 అని ఒక చిన్న సెక్షన్ ఉంది. పన్ను కోత జరిగినంత మేరకు, ఎవరి ఆదాయంలో కోశారో ఆ మనిషిని మళ్ళీ కట్టమని అడగకూడదన్నది దాని సారాంశం. ఇంత సూటి మాట ఉన్నా, కంప్యూటరులో సరిపోకపోతే క్రెడిట్ ఇవ్వకపోవడం అలవాటైపోయింది. కోర్టు ఇక్కడ భారాన్ని అధికారి వైపు తిప్పింది. దాన్ని అమలు చేస్తూ బోర్డు 2013 జులై 8న 5వ నంబరు ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చింది. పన్ను చెల్లింపుదారు టీడీఎస్ సర్టిఫికెట్‌తో వస్తే, కోసిన సంస్థ ఆ డబ్బు ప్రభుత్వానికి కట్టిందో లేదో అధికారే సరిచూడాలి. కట్టి ఉంటే క్రెడిట్ ఇవ్వాలి. సంస్థల చెల్లింపుల లెక్కలు చూసే అధికారం శాఖకి ఉంది, ఉద్యోగికి లేదు. కాబట్టి చూడాల్సింది శాఖే. రిజిస్టరు గురించిన ఇన్‌స్ట్రక్షన్ కూడా ఆ జులైలోనే, 5వ తేదీన వచ్చింది. రెండిట్లోనూ హైకోర్టు ఇచ్చిన ఏడు మాండమస్‌ల ప్రస్తావన ఉంది. తీర్పు వచ్చాక నాలుగు నెలలైనా గడవకముందే దాని మాటలు దేశంలోని ప్రతి పన్ను ఆఫీసుకీ ఉత్తర్వుగా చేరాయి.

తీర్పు నాకు పూర్తిగా తృప్తినివ్వని చోటూ ఇక్కడే ఉంది. కట్టి ఉంటే క్రెడిట్ ఇవ్వాలి, సరే. కోసి, కట్టకుండా మింగేస్తే? సెక్షన్ 205 ఉద్యోగిని కాపాడుతుంది, కానీ తీర్పు నుంచి పుట్టిన ఇన్‌స్ట్రక్షన్ ఆ మాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. దాని ఫలితం అనుభవించినవాళ్ళలో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగులు ఉన్నారు. 2012లో మూతపడిన ఆ సంస్థ వాళ్ళ జీతాల్లో పన్ను కోసి ప్రభుత్వానికి జమ చెయ్యలేదు. అలాంటి కేసుల్లో బలవంతపు వసూలు వద్దని బోర్డు 2015లోనూ 2016లోనూ అధికారులకి చెప్పింది. వసూలు మానేశారు గానీ, బాకీ మాత్రం పద్దులో అలాగే ఉంచి, తర్వాతి ఏళ్ళ రీఫండుల్లో సర్దుకోవడం సాగింది. 2023లో ఢిల్లీ హైకోర్టే ఒక మాజీ ఉద్యోగి కేసులో అది కూడా కుదరదని చెప్పింది. రీఫండులో సర్దుకోవడం అంటే దొడ్డిదారిన వసూలు చెయ్యడమే కాబట్టి, సెక్షన్ 205 దాన్నీ ఆపుతుందని వివరించింది. 2013 తీర్పులో వదిలేసిన కుట్టుని పదేళ్ళ తర్వాత అదే కోర్టు వేసింది.

చట్టం కూడా మెల్లగా ఆ బాటలోకే వచ్చింది. 143(1) కింద లెక్క మార్చబోయే ముందు పన్ను చెల్లింపుదారుకి తెలియజేసి 30 రోజులు ఆగాలన్న నియమం 2016 సవరణతో వచ్చింది. ఇంకో చిక్కుముడి ఏళ్ళ తేడాది. ఒక డాక్టరో సలహాదారో ఈ ఏడాది ఆదాయంగా చూపించి పన్ను కట్టేసిన ఫీజుని, ఇవ్వాల్సిన సంస్థ వచ్చే ఏడాది ఇచ్చి అప్పుడు టీడీఎస్ కోస్తుంది. ఆదాయం ఒక ఏడాదిలో, క్రెడిట్ ఇంకో ఏడాదిలో పడితే రెండూ కలవవు. పాత రిటర్ను దిద్దడానికి గడువు అప్పటికే అయిపోయి ఉంటుంది. 2023 అక్టోబరు నుంచి దీనికి ఫారం 71 వచ్చింది. పన్ను కోసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్ళ లోపు దాన్ని వేస్తే, అధికారి పాత ఏడాది లెక్కనే దిద్ది క్రెడిట్ ఇస్తారు. ఒక రకం తప్పుకి సరిగ్గా కొలిచి చేసిన చిన్న పనిముట్టు అది. దీన్ని తయారుచేసినవాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు గానీ, వాళ్ళకి కూడా నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

ఆ కంప్యూటర్లలోకి ఎక్కిన పాత తప్పుడు బాకీలన్నిటినీ ఒక్కొక్కటిగా దిద్దడం ఎవరివల్లా కాలేదు. 2024 ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి, 1962 నాటివి కూడా ఇంకా పద్దుల్లో వేలాడుతున్నాయని చెప్పారు. 2009-10 ఆర్థిక సంవత్సరం వరకు 25,000 రూపాయల లోపు, 2010-11 నుంచి 2014-15 వరకు 10,000 రూపాయల లోపు ఉన్న బాకీలని రద్దు చేస్తామన్నారు. సుమారు కోటి మందికి మేలు జరుగుతుందని అంచనా. ఆ నెలలోనే వచ్చిన ఉత్తర్వు ఒక్కో మనిషికి మొత్తం లక్ష రూపాయల పరిమితి పెట్టింది. ఎవరి బాకీ నిజమో ఎవరిది అచ్చుతప్పో ఇక వెతకనక్కర్లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. నిజం చెప్పాలంటే అది దిద్దుబాటు కాదు, చెరిపివేత. అయినా సరైన పనే.

ఇప్పుడు రెక్టిఫికేషన్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడితే ఒక నంబరు వస్తుంది, ఏ దశలో ఉందో తెరమీద కనిపిస్తుంది. పాత బాకీ చూపిస్తే ఒప్పుకుంటున్నారా లేదా అని పోర్టలే అడుగుతుంది. ఇవి ఇప్పుడు వాడేవాళ్ళకి మామూలు సదుపాయాలు. 2012లో సీఆర్ బిల్డింగు మెట్లెక్కిన వాళ్ళకి వీటి విలువ తెలుసు. 1961 చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక ఈ సెక్షన్ల నంబర్లన్నీ మారాయి.

ఒక్క లోటు మాత్రం తీర్పు నాటికీ ఉంది, తర్వాతా పోలేదు. ఆరు నెలల్లో తేల్చాలన్న చట్టం, తేల్చకపోతే ఏమవుతుందో చెప్పలేదు. గడువు దాటితే దరఖాస్తుని ఒప్పుకున్నట్టే భావించాలన్న మాట అందులో లేదు. ఆ మాటని కోర్టు తానుగా చేర్చలేదు. చేరిస్తే మాండమస్ హద్దు దాటి కొత్త చట్టం రాసినట్టయ్యేది. న్యాయమూర్తులు తమ పనిముట్టు ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకుని అక్కడే ఆగారు. మిగిలింది పార్లమెంటు చెయ్యాల్సిన పని. అది జరిగేదాకా, రిజిస్టరులో మూడో గడి ఆరు నెలలు దాటి ఖాళీగా ఉన్నవాళ్ళు దాన్ని నింపించమని హైకోర్టులో రిట్లు వేస్తూనే ఉంటారు.